అభిప్రాయమా? తీర్పా?

ఒక ఊరి బ్రతుకును మార్చు పని తలపెట్టినపుడు, ఔననుటకు గాని కాదనుటకు గాని హక్కు ఎవరిది? ఆ ఊరివారిదా, వారు ఎన్నుకొన్న ప్రతినిధులదా? భావనపాడు తీరమున ఈ ప్రశ్న మరల మరల తలయెత్తుచున్నది.

పార్లమెంటు పద్ధతిని మనము గ్రహించిన బ్రిటనులోను ఈ వివాదము పాతదే. ప్రతినిధి ఓటర్ల ఆజ్ఞలను మోయు దూత కాడనియు, తన వివేకమును వినియోగింపవలెననియు 1774లో ఎడ్మండ్ బర్క్ బ్రిస్టల్ నగరమున వాదించెను. అయినను 1975లోను, 2016లోను ఐరోపాతో పొత్తు విషయమున అక్కడ రెఫరెండము జరిపిరి; అనగా ప్రజలనే నేరుగా ఓటు అడిగిరి. 2016లో వీడవలెనన్నవారు నూటికి 51.9. ఆ ఓటు చట్టరీత్యా పార్లమెంటును బంధింపదు. కాని దానిని త్రోసివేయుటకు పార్లమెంటు సాహసింపలేదు. ఎట్లు వీడవలెనో ఓటుపత్రము చెప్పలేదు. ఆ తగవు తేలి, 2020 జనవరి 31న బ్రిటను వెలుపలికి వచ్చుటకు మూడేండ్లకు పైగా పట్టినది.

పరిశ్రమల విషయమున మనకు ఉన్నది రెఫరెండము కాదు, ప్రజాభిప్రాయ సేకరణ సభ. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము 30 దినములు ముందుగా తెలుపవలెను. నివేదిక సారాంశమును స్థానిక భాషలో ఉంచవలెను. సభలో పలికిన మాటలను వ్రాసికొందురు. చేతులను మాత్రము లెక్కింపరు. తీర్పు వేరొకచోట జరుగును.

భావనపాడు పేరున థర్మల్ విద్యుత్కేంద్రమును సంతబొమ్మాళి మండలమందలి కాకరాపల్లి తంపర భూములలో తలపెట్టిరి. నీరు, చేపలు, సాగు చెడునని రైతులును మత్స్యకారులును ఎదిరించిరి. 2011 ఫిబ్రవరి 28న అచట పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. అంతకుముందు 2010 జులై 14న సోంపేట బీల భూముల కడను ఇట్టిదే జరిగెను. చెప్పినది వ్రాసికొనిరే గాని వినలేదని జనులు తలచినపుడు, సభలో తేలవలసిన తగవు వీధికి వచ్చును.

పొరుగున ఒడిశాలోని నియమగిరిలో వేరొక మార్గము కనబడినది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు బాక్సైట్ గనుల సంగతిని అటవీ హక్కుల చట్టము క్రింద గ్రామసభల ముందుంచుమనెను. 12 గ్రామసభలును వలదనెను. 2014 జనవరిలో కేంద్రము అనుమతి నిరాకరించెను.

అట్లని ప్రతి పనికిని ఊరి ఓటే తీర్పు కావలెనా? భావనపాడు పేరున తలపెట్టిన ఓడరేవునకు 2023 ఏప్రిల్ 19న మూలపేటలో శంకుస్థాపన జరిగినది. ఓడరేవు ఫలము దూరపు జిల్లాలకును చేరును. వేట సాగునో సాగదో అను బెంగ మాత్రము తీరమున వల వేయువానిది. ఈ రెంటిని తూచుటకే ప్రతినిధి కావలెను. ఔను, కాదు అను రెండు మాటలలో ఆ తూకము ఇమడదు.

కాబట్టి మనము కోరవలసినవి మూడు. నిర్ణయము కాకమునుపే ప్రజలను అడుగవలెను. వారి మాటకు ఎంత బలము కలదో ముందే చెప్పవలెను. ఏ అభ్యంతరమునైనను త్రోసివేసినచో, అందుకు కారణమును తెలుగున వ్రాసి ఆ ఊరి పంచాయతీకి పంపవలెను. ప్రతినిధి సభలో ముందువరుసను కూర్చుండుటతో సరిపోదు; ఆ జవాబు వచ్చువరకు వెంటబడవలెను.