అడవి అంచున బడి: ప్రభుత్వ ప్రయత్నములు, మన బాధ్యత
(పర్ణశాలలో సంఘ కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన దేశ ప్రభుత్వము విద్యను, వృత్తి శిక్షణను బాగుచేయుటకు పడిన ప్రయాసను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ములను అడిగినారు. ఢిల్లీలో వ్రాసిన విధానములన్నిటిని వరుసగా చదివి వినిపించుట వలన ఎవరికిని మేలు లేదు. ఆ విధానములు గోదావరి ఒడ్డుననున్న ఈ పర్ణశాలకు, దుమ్ముగూడెమునకు, వీటి వెనుక అడవిలోనున్న కోయ గూడెములకు ఎంతవరకు వచ్చి చేరినవి, ఎక్కడ ఆగిపోయినవి అని మనము చూడగోరుచున్నాము.

మనకంటె ముందు నడచినవారు

ఈ ప్రాంతములో బడి అన్నది ప్రభుత్వముతో మొదలు కాలేదు. 1860 ప్రాంతములో గోదావరి మీద పడవల రాకపోకలకై దుమ్ముగూడెము వద్ద ఆనకట్ట పనులు జరిగినవి. ఆ పనులు చూచిన ఇంజనీరు హేగ్ దొరగారి పూనికతో చర్చి మిషనరీ సొసైటీవారు ఇక్కడ కోయల మధ్య పని ప్రారంభించిరి. తరువాత జాన్ కెయిన్ దొరగారు ఎన్నో సంవత్సరములు దుమ్ముగూడెములో ఉండి కోయల భాషను, ఆచారములను శ్రద్ధగా నేర్చి వాటిని గూర్చి వ్రాసిరి. 19వ శతాబ్ది ముగియక ముందే సువార్తలో కొంత భాగము కోయ భాషలో అచ్చయినది. ఆ పడవల పథకమును 1871లో ప్రభుత్వము విడిచిపెట్టినది గాని బడి నిలిచినది.

దీనిని మన గొప్ప చెప్పుకొనుటకు ఎత్తలేదు. పిల్లవానికి చదువు చెప్పవలెనన్న మొదట వాని మాట మనకు రావలెనని ఆ పెద్దలు గ్రహించిరి. ఆ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను. మన ప్రసంగమంతయు దాని చుట్టునే తిరుగును.

మరియొక ఉదాహరణ నిజాము రాజ్యమునుండి ఉన్నది. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో హైమెండార్ఫ్ గారు గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రమును ఏర్పరచిరి. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, గోండీలోనే వాచకములు వ్రాయించి, వారినే తమ గూడెములకు పంపిరి. శిక్షణ, భాష, ఉద్యోగము ఈ మూడును అక్కడ ఒక్క చోట కలిసినవి.

ప్రభుత్వము చేసిన పని

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ప్రభుత్వము చేసిన పని తక్కువది కాదు. 14 సంవత్సరముల లోపు పిల్లలందరికి ఉచిత విద్య ఇయ్య ప్రయత్నించవలెనని రాజ్యాంగము 45వ అధికరణములో నిర్దేశించినది. గిరిజనుల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పోషించవలెనని 46వ అధికరణము చెప్పినది. 1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారీ కమీషన్ జాతీయాదాయములో 6 శాతము విద్యకు వెచ్చించవలెనని సిఫారసు చేసినది. 1968లోను, 1986లోను, 2020లోను మూడు జాతీయ విద్యావిధానములు వచ్చినవి. ఆ 6 శాతము మాత్రము మూడింటిలోను లక్ష్యముగానే మిగిలినది.

మన ఏజెన్సీకి సంబంధించి చెప్పవలెనన్న, ఐదవ పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉపప్రణాళిక వచ్చినది. దాని వెంట ఐ.టి.డి.ఎ.లు వచ్చినవి. ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహములు, గురుకులములు పెరిగినవి. 1997-98లో ఏకలవ్య ఆదర్శ గురుకులములు ప్రారంభమయినవి. 2003 నుండి మన బడులలో మధ్యాహ్నము వండిన అన్నము పెట్టుచున్నారు. 2002లో రాజ్యాంగ సవరణ ద్వారా విద్య ప్రాథమిక హక్కు అయినది. దాని ననుసరించిన చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఫలితము లేదనుట అన్యాయము. దేశములోని గిరిజనులలో అక్షరాస్యులు 1961లో నూటికి 9 మంది కూడ లేరు. 2011 నాటికి నూటికి 59 మంది అయినారు. అయితే అదే 2011లో దేశ జనులందరి లెక్క నూటికి 73. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల లెక్క నూటికి 49 మాత్రమే. అనగా దేశములోని గిరిజనుల సగటుకంటెను మన రాష్ట్రములోని గిరిజనులు వెనుకబడియుండిరి. బడులు లేవని ఇక చెప్పలేము. మరి ఈ వెనుకబాటు ఎందువలన?

పిల్లవాని మాట, పుస్తకము మాట

తెలుగు వాచకములో "ఏరు" అను మాట వచ్చును. మనకది పారే వాగు. కోయ బిడ్డకు "ఏరు" అనగా నీళ్లు. "నారు" అనగా మనకు మడిలో పోసిన వరినారు. వానికి "నారు" అనగా ఊరు. "లోను" అనగా వానికి ఇల్లు. రెండును ద్రావిడ భాషలే గనుక మాటలు దగ్గరగా వినబడును, అర్థములు వేరుగా ఉండును. ఆరేండ్ల బిడ్డ తాను పుట్టినది మొదలు సరిగా పలికిన మాటకు బడిలో తప్పు పడినప్పుడు, తప్పు మాటలో ఉన్నదని వాడు తలంచడు, తనలో ఉన్నదని తలంచును. ఆ దినమునుండి వాడు నోరు మెదపడు. నోరు మెదపని బిడ్డను మందమతి అందురు. మూడవ తరగతిలోనో, ఐదవ తరగతి దాటినప్పుడో వాడు బడి మానును.

ప్రభుత్వమునకు ఈ సంగతి తెలియకపోలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రములో బహుభాషా విద్యా కార్యక్రమము మొదలిడి, కోయ, గోండీ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అను 8 భాషలలో చిన్న తరగతుల వాచకములు సిద్ధపరచిరి. అది మంచి పని. గాని అది అన్ని బడులకును స్థిరమైన ఏర్పాటుగా వేళ్లూనలేదు. 2020 విధానము కనీసము 5వ తరగతి వరకు, సాధ్యమైన చోట్ల, ఇంటి భాషలో బోధింపవలెనని చెప్పినది. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడులలో 1 నుండి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము తెచ్చి, ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క ఇంగ్లీషు గల పుస్తకములు ఇచ్చినారు. ఇంగ్లీషు రావలెనని తల్లిదండ్రులందరు కోరుచున్నారు, ఆ కోరిక న్యాయమైనది. అయితే కోయ బిడ్డకు ఆ పుస్తకములో రెండు ప్రక్కలును పరాయివే.

ఉపాధ్యాయుని సంగతి

ఏజెన్సీ బడులలో ఉపాధ్యాయుల ఉద్యోగములన్నియు స్థానిక గిరిజనులకే ఇయ్యవలెనని 2000 సంవత్సరము జనవరిలో 3వ నంబరు జీ.ఓ. వచ్చినది. దాని వలన ఎందరో గిరిజన యువతీ యువకులు ఉపాధ్యాయులైనారు. నూటికి నూరు రిజర్వేషను చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. అప్పటికే జరిగిన నియామకములను షరతులతో కాపాడినది.

తీర్పును గూర్చి వాదించుట ఇక్కడ మన పని కాదు. ఉద్యోగము కోరు గిరిజనేతర యువకుని బాధయు నిజమే, అడవిలో బడికి రాని ఉపాధ్యాయుని వలన బిడ్డకు కలుగు నష్టమును నిజమే. జీ.ఓ. పోయినను దాని వెనుకనున్న అవసరము పోలేదని మాత్రము మనము గట్టిగా చెప్పవలెను. ఏ కులమువాడైనను, ఏ ఊరివాడైనను, కోయ గూడెములో చెప్పవలసిన ఉపాధ్యాయునికి కోయ మాట రావలెను. ఆ శిక్షణను నియామకముతో పాటే ప్రభుత్వము ఇయ్యవలెను. 2023లో ఏకలవ్య పాఠశాలల నియామకములు దేశమంతటికి ఒక్కటిగా జరిపి హిందీ పరిజ్ఞానమును తప్పనిసరి చేసినారు. హిందీని అడిగిన ప్రభుత్వము బిడ్డ మాటను గూర్చి కూడ అడుగవలదా?

వృత్తి శిక్షణ

చదువు చివర పని ఉండవలెను. ఐ.టి.ఐ.ల శిక్షణ పథకము 1950లో పుట్టినది. అప్రెంటిసు చట్టము 1961లో వచ్చినది. 2014లో నైపుణ్యాభివృద్ధికి ప్రత్యేక మంత్రిత్వ శాఖ, 2015లో స్కిల్ ఇండియా వచ్చినవి. మన చుట్టు చూడుడి. సారపాకలో కాగితపు మిల్లు, మణుగూరులో బొగ్గు గనులు, అశ్వాపురములో భారజల కర్మాగారము, పాల్వంచలో విద్యుత్ కేంద్రము. ఇన్ని పరిశ్రమలున్న అడవి ప్రాంతములు అరుదు. అక్కడ ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు కావలెను.

వెల్డరు వంటి కొన్ని పనులకు 8వ తరగతి చాలును. మిగిలిన చాల వాటికి పదవ తరగతి కావలెను. ఐదులో బడి మానినవానికి ఆ ద్వారము తెరువబడదు. వాడు మిరప కోతలకో, తునికాకు కల్లమునకో పోవును. కనుక శిక్షణ కేంద్రములో ఖాళీగానున్న బల్లకు కారణము శిక్షణ కేంద్రములోనే వెదకిన దొరకదు. పది సంవత్సరముల క్రిందట ఒకటవ తరగతిలో వెదకవలెను.

మనము చేయదగినవి

మొదటిది: చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండవలెను. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగము మంది స్త్రీలు ఉండవలెను. మన స్త్రీల మైత్రి సభ్యులు అందులో కూర్చుండి హాజరు పట్టీ అడుగవలెను.

రెండవది: ఇప్పపువ్వు, తునికాకు, మిరప కోతల కాలములో ఏ ఇంటి బిడ్డ బడికి పోవుటలేదో పేటపేటకు లెక్క చూడవలెను. ఐదు నుండి ఆరుకు, పది నుండి పై చదువుకు పోవు వేసవి సెలవులలో ప్రతి బిడ్డ పేరును అడిగి కనుగొనవలెను.

మూడవది: 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు వచ్చినది. అటువంటి వరద దినములలో పాఠములు పోవును. మెరకనున్న మన ప్రార్థనాలయములు పిల్లలు కూర్చుండి చదువుకొనుటకు తెరచియుండవలెను. ఏ మతము బిడ్డయని అడుగరాదు.

నాలుగవది: 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ కలతలవలన అడవిలోనికి వచ్చిన గుత్తికోయల బిడ్డలున్నారు. ఈ రాష్ట్రములో వారికి గిరిజన గుర్తింపు లేదు. గుర్తింపు లేకున్నను బడిలో చేరు హక్కు ప్రతి బిడ్డకు ఉన్నది. చేతపట్టుకొని చేర్పించువారు కావలెను.

ఐదవది: మనలో కోయ మాట వచ్చిన పెద్దలు వారమునకు ఒక గంట బడికి పోయి, ఉపాధ్యాయుని అనుమతితో, పిల్లలకు తమ మాటలో ఒక కథ చెప్పవలెను. దీనికి జీ.ఓ. అక్కరలేదు.

ప్రభుత్వము బడి కట్టించగలదు, అన్నము పెట్టగలదు, పుస్తకము అచ్చువేయగలదు. "నీ మాట తప్పు కాదు నాయనా, లోపలికి రా" అని గుమ్మము వద్ద బిడ్డను పిలుచువారు ఊరిలోనివారే కావలెను. ఆ పని మనకు దగ్గరగా ఉన్నది, ఈ జూన్ నెలలోనే ఉన్నది. దానికి మనము సిద్ధపడుదుము గాక.