పతకమిచ్చారు, మనిషని రాయలేదు



ఇయ్యాల మనం రాబర్ట్ బ్లేక్ సంగతి చెప్పుకుందాం. అమెరికాలో, దక్షిణ కరోలినాలో బానిసగా బతికిన నల్లవాడు. బానిసత్వం పోకూడదని దక్షిణాది దొరలు అంతర్యుద్ధానికి దిగితే, తప్పించుకుని ఉత్తరాది నౌకాదళంలో చేరాడు. అట్లా వచ్చినవాళ్లకు అక్కడ పెట్టిన పేరేమిటో తెలుసా? 'కాంట్రాబ్యాండ్'. అంటే యుద్ధంలో పట్టుబడ్డ సరుకు!

1863 డిసెంబర్ 25, క్రిస్మస్ పొద్దున. స్టోనో నదిలో ఉన్న మార్బుల్‌హెడ్ ఓడ మీద ఒడ్డు నుంచి ఫిరంగులు పేలాయి. బ్లేక్ కెప్టెన్‌కు సేవలు చేసే పనివాడు. పోరాడటం ఆయన పని కాదు. అయినా ఫిరంగి దగ్గరికి ఉరికి, గుండ్ల వానలో మందుగుండు మోశాడు. చివరికి శత్రువులే ఒక ఫిరంగిని వదిలి పారిపోయారు.

1864 ఏప్రిల్ 16న మెడల్ ఆఫ్ ఆనర్ ప్రకటించారు. ఆ పతకం అందుకున్న తొలి నల్లవాడు ఆయనే. కానీ ఆ రికార్డులో హోదా అన్నచోట ఏం రాశారు? మళ్లీ అదే, 'కాంట్రాబ్యాండ్'!

మన ఫూలే 1873లో 'గులాంగిరి' పుస్తకాన్ని, బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ బాధా ఈ బాధా ఒకటేనని ఆయనకు తెలుసు. మన ఊళ్లోనూ అంతే గదా! కష్టానికి మన చెయ్యి కావాలి, గౌరవం దగ్గర మన కులం అడుగుతారు.

మేం అనేదొక్కటే: మెచ్చుకోలు చాలదు. మనిషని రాయాలి. రాసే కలం మన చేతికి రావాలి.

జైభీమ్!