కార్డు ముక్క నుంచి సెల్‌ఫోను దాకా
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



సమాచార సాధనాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చదివింది పదో తరగతి. తెలిసినంత చెప్తా.

మన దేశంలో పోస్టు కార్డు 1879లో వచ్చింది. ధర పావు అణా. ఉత్తరం మన పేరు మీదనే వస్తుంది, కానీ చదువు రాకపోతే ఇంకొకరితో చదివించుకోవాలి. ఇంట్ల కష్టం వాడకట్టంతా తెలిసేది. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి. ఆ టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది.

రేడియో వినడానికి చదువు అక్కర్లేదు. టీవీ కూడా అంతే. 1975లో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు ఏడాది పాటు టీవీలో వ్యవసాయం, ఆరోగ్యం గురించి చూపించారు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం కూడా అందులో ఉంది. మంచి పనే. కానీ చెప్పేది వాళ్లు, వినేది మనం. మన మాట అటు పోయే దారి లేదు.

1995లో సుప్రీంకోర్టు, గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం ఒప్పుకుంది. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లది అది. నడిపింది ఇద్దరు దళిత మహిళలు, ఇద్దరి పేరూ నర్సమ్మే. లైసెన్సు రాకముందు కూడా వాళ్లు ఊకనే కూసోలేదు. కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల మీటింగుల్లో వినిపించేవాళ్లు. విత్తనాలు, జొన్నలు, కొర్రలు, మందాకులు, పండుగ పాటలు, అన్నీ మన యాసలోనే. మన యాస రేడియోకు పనికిరాదు అన్నోళ్లకు అదే జవాబు.

ఇక సెల్‌ఫోను. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు గారు ఢిల్లీకి మొదటి కాల్ చేసిండ్రు. మొదట్లో వచ్చిన ఫోను ఎత్తినా డబ్బులు పడేవి. ఇయ్యాల ఇంటికి రెండు మూడు ఫోన్లు ఉన్నయి. మరి బ్యాంకులో మన పొదుపు ఖాతాకు ఇచ్చిన నంబరు ఎవరిది? చాలామందికి భర్తదో, కొడుకుదో. పైసలు మనవి, మెసేజ్ మాత్రం వాళ్లకు పోతుంది. అంటే మళ్లీ ఇంకొకరితో ఉత్తరం చదివించుకున్నట్టే కదా అక్కా!

అందుకే మూడు మాటలు అడుగుతున్నా. ఒకటి, ఎవరి ఖాతాకు వాళ్ల సొంత నంబరే ఇయ్యాలి. రెండు, చదవడం రాని అక్కలకు మెసేజ్ చూసుడు, మైకు బొమ్మ నొక్కి మాట పంపుడు ప్రతి మీటింగులో కాసేపు నేర్పాలి. మూడు, ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. బ్యాంకోళ్లు ఫోను చేసి ఓటీపీ అడగరు. పైసలు పోతే సిగ్గుపడి దాచిపెట్టకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి.

మాచునూరు అక్కలు రేడియోనే నడిపిండ్రు. మన చేతిల ఫోను మనం నడపలేమా? నడుపుతాం.