తప్పులు దిద్దు మోడెము



తాటియాకులపై గ్రంథములు వ్రాసిన కాలమున లేఖకుడు తుదిని గ్రంథసంఖ్య వేయుట మీలో కొందరెఱిగియే యుందురు. 32 అక్షరములు ఒక గ్రంథము. ప్రతి వ్రాసికొన్నవాడు మరల లెక్కించి, సంఖ్య కుదురనిచో ఎచ్చటనో అక్షరములు జారినవని తెలిసికొనును. నేడు నేను చెప్పబోవు మోడెమను యంత్రమునకును ఇట్టి లెక్కయే ప్రాణము. దానిని లక్ష్యపెట్టక నష్టపడితిని గావున నా యనుభవమునే చెప్పెదను.

1999వ సంవత్సరమున నేను హైదరాబాదు నారాయణగూడలో ఉపాధ్యాయుడను. చిక్కడపల్లిలో ఒక మేడమీది వాటాలో కాపురముంటిని. కీర్తిశేషులైన మా తండ్రిగారు నీతిశ్లోకములకు వ్రాసిన తెలుగు వ్యాఖ్యను అచ్చువేయింపదలచి, కంప్యూటరుపై స్వయముగా అక్షరములొత్తి, నారాయణగూడలోని ఒక అచ్చుకూటమునకు టెలిఫోను తీగ మీదుగా పంపుచుంటిని. ఫ్లాపీ చేతబట్టుకొని నడచిన పని తీరెడిదే. కాని క్రొత్త యంత్రముపై మోజట్టిది.

కంప్యూటరులో అక్షరములన్నియు ఒకట్లు, సున్నలు. టెలిఫోను తీగ మనుష్యకంఠమునకై యేర్పడినది గనుక, మోడెము ఆ యంకెలను ధ్వనులుగా మార్చి పంపును. అవతలి మోడెము ఆ ధ్వనులను మరల అంకెలు చేయును. వానకాలమున తీగల అతుకులలో చెమ్మ చేరి గరగరలు పుట్టును. మాటలాడుకొనువారు "ఏమంటిరి?" అని యడిగి సరిపెట్టుకొందురు. యంత్రము గరగరను కూడ అక్షరముగనే గ్రహించును.

మా తండ్రిగారు "హితభాషణము" అని వ్రాసిరి. అచ్చులో "మితభాషణము" అని పడినది. అర్థములేని మాటయైనచో ప్రూఫు చూచునపుడే కంటికి తగిలెడిది. ఇది అర్థముగల మాట, పైగా నీతిగ్రంథమున ఇముడు మాట, చదివితిని, దాటిపోతిని. పుస్తకములు కుట్టించి ఇంటికి తెచ్చిన పిమ్మట మా పినతండ్రిగారు మూలశ్లోకముతో పోల్చి, వేలుపెట్టి చూపి, "అన్నయ్య ఇట్లు వ్రాయడురా" అనిరి.

అశోక్‌నగరములో గది తీసికొని పోటీపరీక్షలకు చదువుచుండిన నా పూర్వశిష్యుడొకడు వచ్చి యంత్రమును పరీక్షించెను. "మాస్టారూ, మీ మోడెములో తప్పులు దిద్దు విధానమున్నది. అచ్చుకూటమువారు తమదానిలో దానిని ఆపివేసినారు. అందుచేత రెండును దిద్దుబాటు లేకయే కలిసినవి" అనెను. తెరపై "ప్రోటోకాల్ నన్" అని ప్రతిదినమును కనబడుచునే యుండెను. నేనది యంత్రము పలుకు స్వస్తివాచకమనుకొంటిని!

ఆ విధానము వి.42 అనునది, సి.సి.ఐ.టి.టి. అను అంతర్జాతీయ సంఘము 1988లో నిర్ణయించినది. పంపు మోడెము అక్షరములను కట్టలు కట్టును. సాధారణముగా కట్టకు 128కి మించవు. కట్టనంతటిని ఒక పెద్ద సంఖ్యగా భావించి, నిర్ణీతమగు భాజకముచే ఒకవిధమైన భాగహారము చేసి, శేషమును చివర చేర్చి పంపును. అవతలి మోడెము తానును భాగించి చూచును. శేషము కుదిరిన స్వీకరించును. కుదురకున్న ఆ కట్టను మరల పంపుమనును. గ్రంథసంఖ్యకంటె ఇది మేలు. "హి" పోయి "మి" వచ్చిన గ్రంథసంఖ్య మారదు గదా! శేషము మారును. వేదపండితులు పదములను క్రమ, జటా, ఘన రీతులలో ముందువెనుకలుగా వల్లించుటయు ఇట్టి కాపుదలయే.

దిద్దుబాటు వలన ఆలస్యమగునని కొందరు దానిని తీసివేసెడివారు. అది పొరపాటు. అది లేనపుడు 8 అంకెల అక్షరమునకు ముందొకటి, వెనుకొకటి గుర్తులు చేరి 10 అంకెలు పోవలెను. దిద్దుబాటున్నచో ఆ రెండును తీగపై పోవు. కావున తీగ మంచిదైనచో దిద్దుబాటుతోనే వేగమెక్కువ.

ఇక అమరిక. రాక్‌వెల్ చిప్పుగల మోడెమునకు "ఏటీ బ్యాక్‌స్లాష్ ఎన్ 3" అని ఆజ్ఞయిచ్చిన, అవతల దిద్దుబాటున్న వాడును, లేకున్న ఊరకే కలియును. "ఎన్ 2" అనిన, దిద్దుబాటునకు ఒప్పని యంత్రముతో సంబంధము తెంచుకొనును. యు.ఎస్. రోబోటిక్స్ వారి యంత్రములలో ఈ రెంటికి "ఆంపర్‌సాండ్ ఎమ్ 4", "ఎమ్ 5" అని ఆజ్ఞలు. నాది 3పై నుండెను. శిష్యుడు దానిని 2 చేసి, "ఏటీ ఆంపర్‌సాండ్ డబ్ల్యూ" అను ఆజ్ఞతో యంత్రమున నిలిపెను. మరునాడు అచ్చుకూటమునకు చేసిన మూడు పిలుపులును తెగిపోయినవి. నాకు పరమసంతోషమాయెను. వారి మోడెమును సరిచేయించిన పిదప నాల్గవది నిలిచెను.

ఇప్పుడు మన యిండ్లలో మోడెము కూత వినబడదు. ఐనను మీ మనుమల చేతి ఫోనులలో శేషము లెక్క జరుగుచునే యున్నది.

అచ్చైన ప్రతులు 300. ఇంటనున్నవానిని నా చేతితో, నల్లసిరాతో దిద్దితిని. ఒక ప్రతి అప్పటికే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు చేరియుండెను. అచటికి పోయి, అనుమతి గైకొని, తప్పొప్పుల చీటి అంటించితిని. రెండు ప్రతులు ఎవరికిచ్చితినో నేటికిని జ్ఞప్తికి రాలేదు. వానిలో మా తండ్రిగారు ఇంకను మితభాషణమునే బోధించుచున్నారు.