అప్పు దాచుకొనే ఇల్లు

 

2018-19 వ్యవసాయ సంవత్సరానికి జాతీయ నమూనా సర్వే తీసిన లెక్క ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. కుటుంబానికి సగటు అప్పు 2,45,554 రూపాయలు. నెలసరి ఆదాయం పదివేల చిల్లర. ఒక్క రూపాయి ఖర్చు చేయకున్నా అది తీరడానికి దాదాపు రెండేళ్ళు పడుతుంది.

ఈ సగటులో గుత్త రైతు విడిగా కనబడడు. అనంతపురం, కర్నూలు పల్లెల్లో సెంటు భూమి లేని దూదేకుల కుటుంబాలు, ఇతర ముస్లిం కుటుంబాలు నోటిమాట మీద పొలం గుత్తకు తీసుకొని వేరుశనగ వేయడం మనమెరుగుదుము. గడువులోగా తీర్చే రైతుకు బ్యాంకు పంట రుణం 4 శాతం వడ్డీకి దొరుకుతుంది. గుత్త రైతుకు అది అందాలంటే సాగుదారు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. పొలం చేజారుతుందన్న భయంతో యజమాని సంతకం చేయడు. ఇక మిగిలేది ఎరువుల దుకాణం ఖాతా, లేదా నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. అంటే సాలుకు 24. వాన ఒకటే, నేల ఒకటే!

మనవారికి మరో చిక్కు ఉంది. వడ్డీ హరామ్ అన్న జంకు. ఆ జంకు తప్పని మేము అనము. కాని అది అప్పు చేయడాన్ని ఆపడం లేదు, చెప్పుకోవడాన్ని మాత్రమే ఆపుతున్నది. జనాజా నమాజుకు ముందు, మరణించినవారు ఎవరికైనా బాకీ ఉంటే వారసులను కలవండని ప్రకటిస్తాము. బ్రతికి ఉన్నప్పుడు ఆ మాట ఎవరమూ అడగము.

అప్పును సాక్షుల సమక్షంలో వ్రాసుకోమని సూరె బఖర 282వ ఆయతు ఆదేశించింది. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులను సూరె తౌబా 60వ ఆయతు చేర్చింది. అయినా రంజాన్‌లో జకాత్ జాబితా వేసేటప్పుడు గుత్త రైతు పేరు మాకూ గుర్తు రాలేదు. ఈ నింద మొదట మాపైనే.

వచ్చే ఖరీఫ్ విత్తనానికి ముందే మస్జిద్ కమిటీ పెద్దలు ఇద్దరు రైతు వెంట యజమాని ఇంటికి వెళ్ళాలి. ఆ కార్డు పంటకే గాని భూమికి హక్కు ఇవ్వదని చట్టంలోనే ఉంది. ఒంటరిగా వెళ్ళిన రైతు ఆ మాట చెబితే వినరు. మనం వెంట ఉంటే కనీసం కూర్చోబెట్టి మాట్లాడతారు.