పదునుకు తగ్గ కబురు కావాలి

(అనంతపురం జిల్లా రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఏటా ఏప్రిల్‌లో వాతావరణ శాఖ 'సాధారణ వర్షపాతం' అనగానే మనం సంబరపడతాం. దేశమంతా కలిపి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వాన దీర్ఘకాల సగటులో 96 నుంచి 104 శాతం ఉంటుందనే ఆ మాటకు అర్థం. మన చేను మీద ఏ వారం పడుతుందో అందులో ఉండదు.

మనది వానచాటు సీమ. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే కురిసేసి వస్తాయి. ఏడాదికి మన సగటు సుమారు 550 మిల్లీమీటర్లే. వేదవతి హగరి లోయలో బొమ్మనహాళ్, కణేకల్లు వైపు ఇసుక మేటలే చేలమీదికి వస్తున్నాయి.

జూలై పదునుకు శెనక్కాయ వేస్తాం. ఊడలు దిగే వేళ ఇరవై రోజులు బెట్ట తగిలితే, సెప్టెంబరులో ఎంత కురిసినా ఆ నష్టం తీరదు. కాగితం మీద మాత్రం ఆ ఏడు 'సాధారణమే'. 2.5 మిల్లీమీటర్లు పడినా లెక్కలో వానరోజే. మన నేలలో దుమ్మణచడానికే సరి.

అందుకే మనం మూడు పనులు చేద్దాం. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహాను ఊళ్లో అందరికీ చదివి వినిపిద్దాం. శెనక్కాయలో కంది సాళ్లు వేద్దాం, కొంత నేల కొర్రకు వదులుదాం. పడిన వానను రోజూ నోటుబుక్కులో రాసుకుందాం.

ప్రభుత్వాన్ని అడిగేవీ మూడే: ఊరూరా వానమాపకం, పదునుకు ముందే విత్తనం, కరువు తేల్చేటప్పుడు మొత్తం వానకన్నా ముందు బెట్ట రోజుల లెక్క.

వాన మన చేతిలో లేదు. లెక్క మన చేతిలో ఉంటే అధికారుల ముందు మన మాట నిలబడుతుంది.