సిపాయి తుదిప్రయాణమునకు తోడు

శుభమునకు పిలిచిన పోవలెను, అశుభమునకు పిలువకయే పోవలెనని మన పెద్దలు చెప్పుదురు. కబురు చెవిని బడినంతనే చేతిలోని పని విడిచి, కండువా భుజముపై వేసికొని ఆ యింటి ముంగిట పోయి నిలుచుట మన పల్లెల వాడుక. ఈ వాడుకకు సరిగా విరుద్ధమైన నియమము నొకదానిని నేను అమెరికాలో చూచితిని. అచ్చట మోటారుసైకిళ్లపై సిపాయిల అంత్యక్రియలకు వచ్చు స్వచ్ఛంద సేవకులున్నారు. వారికి జీతము లేదు, భత్యము లేదు. పెట్రోలు ఖర్చు సైతము వారిదే. కాని మృతుని కుటుంబమువారు కోరిననేగాని వారు కదలరు. ఇదేమి చోద్యమని నాకు మొదట తోచెను. కారణము విన్న పిదప నాకు నోట మాట రాలేదు.

ఆ సంస్థకు పేట్రియట్ గార్డ్ రైడర్సు అని పేరు. 2005వ సంవత్సరమున కాన్సాసు రాష్ట్రమున పుట్టినది. అప్పుడు ఇరాకులో యుద్ధము జరుగుచుండెను. అదే రాష్ట్రమున టొపీకా నగరమందు వెస్ట్‌బరో అను చిన్న చర్చి యొకటి కలదు. దాని సభ్యులలో అధికసంఖ్యాకులు ఒకే కుటుంబమువారు. దేశము పాపములో మునిగినది గనుక దేవుడు సిపాయిలను చంపుచున్నాడని వారి వాదము. ఆ మాటను తమ చర్చిలో చెప్పుకొనియుండిన ఎవరికిని అంత బాధ లేకపోవును. వారు, యుద్ధములో మడిసిన యువకుల అంత్యక్రియలు జరుగు చోట్లకే పోయి, సిపాయిల చావునకు దేవునికి కృతజ్ఞతలు చెప్పు అట్టలు పట్టుకొని, పాటలు పాడుచు నిలుచుచుండిరి. బిడ్డను పూడ్చుటకు వచ్చిన తల్లి ఆ అట్టలను చదువవలసి వచ్చెడిది. పిలువకుండ వచ్చుటలో నిట్టిది కూడ నున్నది!

కాన్సాసులోని మల్వేను అను చిన్న ఊరిలో, అమెరికన్ లీజియను అను మాజీ సైనికుల సంఘమునకు చెందిన మోటారుసైకిలువారు కొందరు దీనిని ఓర్వలేకపోయిరి. కొట్టుటకు పోలేదు, తిట్టుటకును పోలేదు. పెద్ద పెద్ద జాతీయపతాకములు పట్టుకొని, దుఃఖించువారికిని అట్టలవారికిని నడుమ వరుసగా నిలిచిరి. అట్టలు కనబడకుండ జెండాలు. పాటలు వినబడకుండ యంత్రముల మ్రోత. అంతే. కొద్ది నెలలలోనే ఇది దేశమంతట ప్రాకినది. అట్టలవారితో కలహము పెట్టుకొనరాదన్నది వారి కట్టుబాటు. మోటారుసైకిలు లేనివారును, సైన్యమున పనిచేయనివారును చేరవచ్చును. మర్యాదగా నిలువగలిగిన చాలును.

ప్రభుత్వమును ఊరకుండలేదు. జాతీయ శ్మశానముల దాపున, క్రియలకు గంట ముందునుండి గంట తరువాతి వరకు ఇట్టి ప్రదర్శనలు కూడదని 2006లో చట్టము చేసిరి. కాని వ్యాజ్యము వేరు త్రోవను పోయెను. ఇరాకులో మరణించిన ఒక యువకుని తండ్రి ఆ చర్చిపై దావా వేసెను. క్రింది కోర్టులో గెలిచెను. పై కోర్టులో ఓడెను. 2011 మార్చిలో సుప్రీముకోర్టు, ఎనమండుగురు న్యాయమూర్తులొక ప్రక్క, ఒక్కరు మరియొక ప్రక్కగా, చర్చికే అనుకూలముగ తీర్పు చెప్పెను. వారు నిలిచినది బహిరంగస్థలము, అంత్యక్రియల చోటికి దాదాపు 1000 అడుగుల దూరము, మాటలాడినది లోకవిషయము, మాట ఎంత క్రూరమైనను దానికై శిక్షింప వీలులేదని సారాంశము. ఈ తీర్పు సంగతి విన్న పిదప నాకు కొన్నాళ్లు మనసు కుదుటబడలేదు. ఇప్పుడు ఆలోచింపగా న్యాయమూర్తులు చేసినది తప్పనజాలను. నేడు వారి నోరు నొక్కిన చట్టము రేపు మన నోరును నొక్కవచ్చును. అయిన ఆ తండ్రి గతియేమి? చట్టము చేయజాలని పనికి ఎవరో ఒకరు ఎండలో జెండా పట్టుకొని నిలువవలసినదే.

నేను చూచినది ఇరాకు సిపాయి అంత్యక్రియ కాదు. మా అమ్మాయి కాపురముండు ఊరిలో ముసలితనమున మరణించిన కొరియాయుద్ధపు సిపాయిది. ఇట్టి వృద్ధులను కూడ వీరు పెక్కుమందిని సాగనంపుచున్నారు. నావారని ఎవరును రాక, దహనశాలల అరలలో ఏండ్ల తరబడి పడియున్న సిపాయిల చితాభస్మమును వెదకి తీసి సగౌరవముగ పూడ్పించు సంఘము మరియొకటి కలదు. ఆ ఊరేగింపులకును వీరు పోవుదురు.

ఆ వృద్ధునికి మేనకోడలొకతె మాత్రము మిగిలియుండెను. ఆమె కోరగా 30 మోటారుసైకిళ్లు వచ్చినవి. తెల్లని గడ్డములు, తోలు కోట్లు, చేతులపై పచ్చబొట్లు; మన పల్లెలో దిగిరా, పిల్లలు తలుపులు వేసికొందురు! నాయకుడు అందరిని చుట్టు నిలిపి, ఎవరెచ్చట ఉండవలెనో, జెండా ఎప్పుడెత్తవలెనో మెల్లగా చెప్పెను. శవవాహనము ముందు కొందరు, వెనుక కొందరు, రెండేసి బండ్లు జోడుగా బయలుదేరినవి. అంతటి మ్రోతలో నొక నెమ్మది యుండెను. మన డప్పు దూరమునుండి వినబడినట్లే. ఎదురువచ్చు కార్లు ప్రక్కకు ఒదిగి ఆగినవి. శ్మశానమున వారు జెండాలతో రెండు వరుసలు తీరిరి. నడుమ పేటిక పోయెను. గాలి విసరుగా వీచుచున్నను ఒక్క కఱ్ఱయు వంగలేదు.

కుటుంబమువారు కోరినచో సిపాయి అంత్యక్రియలకు యూనిఫారముతో కనీసము ఇద్దరు సైనికులు రావలెనని 2000వ సంవత్సరమునుండి ఆ దేశమున శాసనమున్నది. వారిలో నొకడు బూరా ఊదెను. ‘టాప్స్’ అను ఆ రాగమునకు స్వరములు 24 మాత్రమే. 1862లో, వారి అంతర్యుద్ధకాలమున ఏర్పడినది. ఊదగలవారు కఱవగుటచే, ఇప్పుడు బూరాలో చిన్న యంత్రము నమర్చి దానిచేతనే పలికించుట కలదు. నేను చూచిన సిపాయి బుగ్గలు ఉబ్బలేదు! అది కనిపెట్టి నాకు నవ్వు రాబోయినది. చుట్టునున్నవారి ముఖములు చూచి తల వంచుకొంటిని. పిదప పేటికపై పతాకమును 13 మడతలుగ, త్రికోణముగ మడిచి మేనకోడలి చేతి కిచ్చిరి.

అంతయు ముగిసిన పిమ్మట, వియత్నాము యుద్ధమున పనిచేసిన వృద్ధ సేవకు నొకనిని మా అమ్మాయి సహాయముతో పలుకరించితిని.

“అయ్యా! ఈ మృతుడు మీకు తెలిసినవాడా?”

“ఎన్నడును చూడలేదు.”

“మరి 90 మైళ్ల దూరమునుండి ఏల వచ్చితిరి?”

“ఎవరని నేనడుగను. ఎన్ని గంటలకు రావలెనని మాత్రమే అడుగుదును” అనెను. అంతటితో ఊరకుండక, “మీ దేశములో ముసలి సిపాయి పోయినచో ఎవరు వత్తురు?” అని నన్నడిగెను.

తాడేపల్లిగూడెము చేరువనున్న ఒక ఊరికి, ఇంటింట సిపాయిలుండుటచే, మిలిటరీ మాధవరమను పేరే వచ్చినదని గొప్పగా చెప్పితిని. మా ఊరి మాట చెప్పలేదు.

మా ఊర బర్మా యుద్ధమునకు పోయివచ్చిన సిపాయి యొకడుండెను. చెరువుగట్టు దిగువ గుడిసెలో నుండి పశువులు కాచుకొనెడివాడు. 1979లో చనిపోయెను. మోయుటకు నలుగురు, ముందు కుండ పట్టుటకు కొడుకు, అంతే. కబురు నా చెవిని బడినది. ఆనాడు కళ్లములో ధాన్యము కొలిపించుచుంటిని. బస్తాల లెక్క తప్పునని పోలేదు.

అమెరికానుండి తిరిగివచ్చిన వారమునకు ఆ గుడిసెకు పోతిని. కోడలున్నది, ఆమెయు ముదుసలియే. నేను వచ్చిన పని చెప్పగా, రేకుపెట్టెనుండి ఆరు కోణముల నక్షత్రపు బిళ్లను, రంగు వెలసిన పట్టీతో సహా, పైకి తీసినది.

“ఎవరైనా వచ్చి అడుగుతారు, దాచమ్మా అన్నాడు బాబూ మా మామ. ఇన్నాళ్లకు మీరొచ్చారు” అని నా చేతిలో పెట్టినది.

దానిని కండువా కొనతో తుడిచి, మరల ఆమె చేతికే ఇచ్చి, ఆతనిని దహనము చేసిన చోటు చూపుమంటిని. ఆమె గట్టువెంబడి ముందు నడచెను.